సహకార పడవ: కెఫే సంపాదిస్తోంది, పడవ ఖర్చుపెడుతోంది. ఓటింగుకు పెడితే పడవ ఆగిపోతుంది. ఏం చేయమంటారు?

రేవుకాడ:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఈ ఫోరంలో చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మేం తొమ్మిది మందిమి. మూడేళ్ల క్రితం సహకార సంఘంగా ఏర్పడి ఒక పాత స్టీలు పడవ కొన్నాం. పదిహేడు మీటర్ల పొడవు, అడుగు చదునుగా ఉంటుంది. పన్నెండు మందిని ఎక్కించుకుంటాం. రేవు పక్కనే గట్టు మీద మా కెఫే. ట్రిప్పు గంటన్నర. రేవులో బయల్దేరి లాకు (నీటిమట్టం పెంచి, తగ్గించి పడవని పైకీ కిందికీ దాటించే గేట్ల గది) దాకా వెళ్తాం, లాకెక్కి పైన కాలువ వెడల్పయిన చోట పడవ తిప్పుకుని వెనక్కి వస్తాం. నేను సరంగుని. ఇంకో ముగ్గురితో కలిసి పడవ పని చూస్తాను. మిగతా ఐదుగురూ కెఫే చూస్తారు.

నా కష్టాలు రెండు. రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి.

మొదటిది డబ్బు. కెఫే ఏడాది పొడుగునా తెరిచి ఉంటుంది. పడవకి సీజన్ ఉంది. చలికాలంలో లాకుల రిపేర్లంటూ నీళ్లు తీసేస్తారు, అప్పుడు కదలడానికే లేదు. ఇన్సూరెన్స్, లైసెన్స్, సర్వే, డీజిల్, ఒడ్డుకెక్కించి అడుగుకు రంగు వేయించడం, అన్నీ పడవ ఖాతాలోనే పడతాయి. పోయిన నెల లెక్కలు చూసినప్పుడు కెఫేలో మిగిలిన డబ్బులో చాలా భాగం పడవకే పోయిందని తేలింది. ఒకరన్నారు: "పడవని రేవులోనే కట్టేసి లోపల టేబుళ్లు వేద్దాం. నీళ్ల మీద కెఫే అంటే జనం ఇంకా వస్తారు. సరంగులు అక్కర్లేదు, డీజిలూ అక్కర్లేదు." మనిషికి ఒక ఓటు కదా. ఐదు, నాలుగు. వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో పెడితే పడవ ఆగిపోతుంది.

రెండోది చెప్పడానికే కష్టంగా ఉంది. రెండు నెలల క్రితం ఒక ఆదివారం గాలి బాగా ఉంది. గట్టు మీద చెట్లు ఒకేవైపు వంగి ఉన్నాయి. చదును అడుగు పడవకి పక్క గాలి తగిలితే ఎలా ఉంటుందో నడిపినవాళ్లకి తెలుసు. మెల్లగా వెళ్తున్నప్పుడు చుక్కాని మీద నీటి ఒత్తిడి ఉండదు, ముక్కు దానిష్టం వచ్చినట్టు పోతుంది. నేను వద్దన్నాను. అప్పటికే పదకొండు మంది టికెట్లు కొని రేవులో నిలబడి ఉన్నారు. వాళ్ల ముందే మా వాళ్లు, "నువ్వొక్కదానివే ఎలా డిసైడ్ చేస్తావ్, ఇది సహకార సంఘం కదా, అందరం అనుకుందాం" అన్నారు. అక్కడికక్కడే చేతులెత్తించారు. వెళ్లాలని తేలింది. నేను వెళ్లాను.

వంతెన కింద దారి ఇరుకు. అక్కడ గాలి ఒక్క తోపు తోసింది. రివర్స్ వేశాను, రివర్స్‌లో చుక్కాని పని చేయదు. పడవ పక్కగా వెళ్లి రాతి గోడకి కొట్టుకుంది. పెద్ద దెబ్బేం కాదు, ప్రయాణికులకి ఏమీ కాలేదు. కానీ లోపల టీ కలుపుతున్న అమ్మాయి చేతిలో మరిగే నీళ్ల కెటిల్ ఉంది. ఎడమ చేయి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. ఇరవై నిమిషాలు కుళాయి కింద చల్లటి నీళ్లు పోశాం. మా ట్యాంకు ఖాళీ అయిపోయింది. ఆ చివరి చుక్కలు పడుతుంటే ఆ అమ్మాయి నన్నేమీ అనలేదు. "అక్కా, వాళ్ల టీ ఎవరైనా చూడండి" అంది. తను కెఫే వైపు మనిషి. ఇప్పుడు బాగానే ఉంది గానీ మళ్లీ పడవ ఎక్కలేదు.

ఆ రోజు నుంచి నాకు ఒకటే టెన్షన్. తప్పు నాది, నేను వెళ్లకుండా ఉండాల్సింది. కానీ సంఘం ఓటేసి వెళ్లమన్నప్పుడు వద్దనే హక్కు నాకు ఉందా? ఉంటే అది ఎక్కడ రాసుకోవాలి? ఆ డబ్బు గొడవకి దారేమైనా ఉందా? ఈ పడవ ఆగిపోకూడదు. నడవలేని పెద్దవాళ్లు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు, నీళ్ల మీద ఆ గంటన్నర కోసమే వచ్చేవాళ్లు ఉన్నారు. కట్టేసిన పడవలో వాళ్లకి ఏం దొరుకుతుంది?

పాతసరంగు:

అమ్మా, ముందు ఆ రెండోదాని గురించి చెప్తాను. మొదటిది ఆగుతుంది, ఇది ఆగదు.

సహకార సంఘమంటే సంఘం నడపడంలో అందరూ సమానం. పడవ నడపడంలో కాదు. నేను ముప్పై ఏళ్లు నడిపాను, అందులో పద్నాలుగేళ్లు సహకార సంఘంలోనే. మా నియమావళిలో రెండు వాక్యాలు ఉన్నాయి. మీరు వాటిని అచ్చం అలాగే రాసుకోవచ్చు. "మోకు విప్పాలా వద్దా అన్నది ఆ రోజు సరంగు నిర్ణయం. సరంగు వద్దంటే దాన్ని సంఘంగానీ కమిటీగానీ మార్చలేదు." దీనికి ఇంకోటి కలిపాం. సరంగు వెళ్దామన్నా, సిబ్బందిలో ఒక్కరు వద్దంటే పడవ కదలదు. వద్దనడానికి ఒక్క గొంతు చాలు, వెళ్లడానికి అందరూ కావాలి. వద్దన్నవాళ్లని ఆ రోజు కారణం అడగం. కావాలంటే మర్నాడు కూర్చుని మాట్లాడుకుంటాం.

సరంగుని ఎవరు పెట్టాలి, ఎంత శిక్షణ ఉండాలి, మాటిమాటికీ అనవసరంగా ఆపేస్తుంటే ఏం చేయాలి, ఇవన్నీ సంఘం ఓటేసి తేల్చుకోవాలి. అదంతా ఒడ్డు మీద, ముందే. రేవులో టికెట్ పట్టుకున్నవాళ్ల ఎదురుగా కాదు.

గాలికి ఒక లెక్క కూడా పెట్టుకోండి. గాలిని కొలిచే చిన్న చేతి మీటరు దొరుకుతుంది. మీ వంతెన దగ్గర, మీ పడవతో, ఖాళీగా రెండు మూడు సార్లు వెళ్లి చూసి ఒక అంకె రాసుకోండి. పక్క గాలి ఆ అంకె దాటితే ట్రిప్పు లేదు. అంకె గోడ మీద ఉంటే గొడవ మనుషుల మధ్య ఉండదు. కానీ అంకెకి లోపల ఉన్నా సరంగు వద్దనొచ్చు. ఆ హక్కు అంకె తీసెయ్యకూడదు.

బరువు గురించి కూడా చెప్పాలి. 2004లో అమెరికాలో బాల్టిమోర్ రేవులో ఒక వాటర్ టాక్సీ గాలికి బోల్తా పడి ఐదుగురు పోయారు. విచారణలో తేలిందేంటంటే, మనిషికి 140 పౌండ్లు, అంటే సుమారు 63 కిలోలు అని పాత లెక్క వేసి ప్రయాణికుల సంఖ్య ఖరారు చేశారు. ఎక్కినవాళ్లు సగటున అంతకంటే బరువు. ఆ తర్వాత 2011లో అక్కడి కోస్ట్ గార్డు ఆ లెక్కని 185 పౌండ్లకి, సుమారు 84 కిలోలకి పెంచింది. మీ పడవ పన్నెండు మందికి సరిపోతుందని ఎప్పుడు, ఏ బరువుతో చూశారో అడగండి. ఆ తర్వాత లోపల బల్లలు, ఫ్రిజ్, కాఫీ మిషన్ పెట్టారా? అవి ఎత్తులో పెడితే పడవ నిలకడ తగ్గుతుంది. అందరూ ఒకే వైపు కిటికీలకి వెళ్లి నిలబడితే ఎంత వంగుతుందో రేవులో కట్టి ఉండగానే ఒకసారి చేసి చూడండి.

ఇక కెటిల్. పడవ కదులుతుండగా మరిగే నీళ్లు చేత్తో మోయకూడదు. ఒడ్డునే వేడినీళ్లు ఫ్లాస్కుల్లో నింపి, మూత ఉన్న పంపు ఫ్లాస్కుని గోడకి బెల్టుతో బిగించండి. లాకులో, వంతెన కింద, మలుపులో టీ పోయకూడదు. మేం ఒక చిన్న గంట పెట్టాం. సరంగు ఒకసారి కొడితే లోపలివాళ్లు చేతిలోది కింద పెట్టి కూర్చోవాలి, రెండుసార్లు కొడితే మళ్లీ పని మొదలు.

పద్దులపుస్తకం:

నేను పడవలు నడపను, సహకార సంఘాల లెక్కలు చూస్తాను. మీరు రాసినదాంట్లో నాకు ఒకటి తేడాగా కనిపించింది. "కెఫే సంపాదిస్తోంది, పడవ ఖర్చుపెడుతోంది" అనే మాట మీ ఖాతాలు పెట్టిన పద్ధతి నుంచి వచ్చింది. ట్రిప్పు దిగినవాళ్లు కెఫేలో కొన్న ప్రతి కప్పూ కెఫే ఖాతాలో పడుతోంది. ఆ కప్పు అమ్ముడవడానికి అయిన డీజిల్ పడవ ఖాతాలో పడుతోంది.

టికెట్‌కి ఒక చింపే ముక్క పెట్టండి, కెఫేలో ఇస్తే చిన్న తగ్గింపు అని చెప్పండి. ఆ ముక్కలు ఒక డబ్బాలో వేయించండి. నాలుగు వారాంతాలు చాలు. పడవ ఆగి ఉన్న రోజుల గల్లాని కూడా పక్కన పెట్టి చూడండి. వారం, వాతావరణం ఒకేలా ఉన్న రోజుల్నే పోల్చండి, లేకపోతే ఎవరికి కావాల్సింది వాళ్లు చదువుకుంటారు.

సాధారణంగా సంఘాల్లో జరిగే ఇంకో పొరపాటు: పడవ అడుగుకు రంగు, సర్వే లాంటివి మూడేళ్లకోసారి వస్తాయి, వచ్చిన నెల గుండె ఆగినంత పనవుతుంది. ఆ మొత్తాన్ని 36తో భాగించి నెలనెలా వేరే ఖాతాలో వేయండి. అప్పుడు "ఈ నెల పడవ మింగేసింది" అనే మాట రాదు.

మిగులు పంచుకోవడం గురించి. 1844లో ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో 28 మంది కలిసి సహకార కొట్టు పెట్టినప్పుడు పెట్టుబడికి పరిమితమైన వడ్డీ ఇచ్చి, మిగిలింది ఎవరు ఎంత కొన్నారో దాన్నిబట్టి పంచారు. ఎంత డబ్బు పెట్టినా మనిషికి ఒకే ఓటు. తర్వాత మిగులులో రెండున్నర శాతం చదువుకి తీసి పెట్టారు. అంతర్జాతీయ సహకార కూటమి 1995లో ఖరారు చేసిన ఏడు సూత్రాల్లో మూడోది కూడా ఇదే దారిలో ఉంటుంది: మిగులులో కొంత రిజర్వుగా ఉంచుకోవచ్చు, అందులో కనీసం కొంత భాగం ఎవరికీ పంచకూడనిదిగా ఉండాలి. మీలాంటివాళ్లకి ఆ పంచకూడని రిజర్వే పడవ ప్రాణం. దాని వాటా ఎంతో నియమావళిలో రాయండి. ఏటా చేతులెత్తించి తేల్చేదిగా ఉంచకండి.

"పడవ కట్టేద్దాం" అన్న మనిషిని శత్రువుగా చూడకండి. ఆయన చెప్పింది నష్టం గురించి. అది నిజమైన భయం.

పొద్దుటిటీ:

నేను కెఫే వైపు. మాది వేరే సంఘం గానీ గొడవ ఇదే. కాబట్టి మా వైపు నుంచి ఒక మాట.

మేం ఉదయం ఆరింటికి వచ్చి ఫ్రిజ్‌ల ఉష్ణోగ్రత రాసి, నీళ్లు పట్టి, పాలు సర్ది, సాయంత్రం దాకా నిలబడే ఉంటాం. పడవ వాళ్లు పది దాటాక వస్తారు, ప్రయాణికులు వాళ్లతో ఫొటోలు దిగుతారు. మా గిన్నెలు ఎవరూ ఫొటో తీయరు. ఇది డబ్బు గొడవలా కనిపిస్తుంది గానీ సగం ఇదే. మీ కెఫే వాళ్లని ఎప్పుడైనా అడిగారా?

మా దగ్గర పరిస్థితి మారింది ఒక్క పద్ధతితో. నెలలో రెండు షిఫ్టులు పడవ వాళ్లు కౌంటర్‌లో ఉండాలి, కెఫే వాళ్లు పడవ మీద ఉండాలి. మొదటి వారం ఒక సరంగు సింకు దగ్గర మూడు గంటలు నిలబడి, ఇంటికెళ్లి, మర్నాడు గిన్నెలు ఆరబెట్టడానికి స్టాండు చేసి తెచ్చాడు. చెక్కతో, మా ఎత్తుకి సరిగ్గా.

ఇంకో ముఖ్యమైన విషయం. మోకులు పట్టుకున్న చేత్తో కప్పు పట్టుకోకూడదు. కాలువ నీళ్లలో ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వచ్చే ప్రమాదం ఉంది, మోకు ఎప్పుడూ ఆ నీళ్లలో నానుతూనే ఉంటుంది. ట్రిప్పులో మోకు పట్టేవాళ్లు వేరు, టీ ఇచ్చేవాళ్లు వేరు. తప్పనిసరై మారాలంటే సబ్బు, పారే నీళ్లు. శానిటైజర్ ఒక్కటే చాలదు. సూప్ లాంటివి ఉంటే 60 డిగ్రీల పైన, పాలు 5 డిగ్రీల లోపు ఉండాలి, మధ్యలో వదిలేయకండి.

ఆ అమ్మాయి మళ్లీ పడవ ఎక్కలేదన్నారు. దయచేసి రమ్మని బలవంతం చేయకండి.

గట్టుమెకానిక్:

"పడవ కట్టేస్తే ఖర్చుండదు" అనేదానికి జవాబు. కట్టేసినా అడుగు నీళ్లలోనే ఉంటుంది. ఒడ్డు కరెంటు ప్లగ్ పెట్టి రోజంతా వదిలేస్తే తుప్పు స్టీలుని ఇంకా త్వరగా తినేస్తుంది, ఎందుకంటే ఎర్త్ వైరు ద్వారా మీ పడవ పక్క పడవలతో, గట్టు ఇనుముతో కలిసి నీళ్లలో ఒక బ్యాటరీలా తయారవుతుంది. ఆ కరెంటుని అడ్డుకునే గాల్వానిక్ ఐసోలేటర్ గానీ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ గానీ పెట్టాలి, అడుక్కి బిగించిన ఆనోడ్లు (స్టీలుకి బదులు తాము అరిగిపోయే లోహపు ముక్కలు) చూసుకోవాలి. రంగు, అడుగు స్టీలు మందం కొలత, ఇన్సూరెన్స్ అన్నీ ఉంటాయి. ఆదా అయ్యేది డీజిల్ ఒక్కటే.

కరెంటు లెక్క కూడా చూడండి. ఒకటిన్నర లీటరు నీళ్లు మరగాలంటే సుమారు 0.14 యూనిట్లు కావాలి, అంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 12 ఆంపియర్ గంటలు. అది పర్వాలేదు. కానీ 3 కిలోవాట్ల కాఫీ మిషన్ అదే బ్యాటరీ మీద పెడితే 250 ఆంపియర్లు లాగుతుంది. 400 ఆంపియర్ గంటల లెడ్ యాసిడ్ బ్యాటరీలున్నా సగానికి మించి వాడకూడదు కాబట్టి గంట కూడా రాదు. పాతసరంగు గారు చెప్పిన ఫ్లాస్కులే మంచివి. గ్యాస్ పొయ్యి పెట్టాలనుకుంటే సిలిండరు లోపల వద్దు. ఆ గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే అడుగులోకి దిగి అక్కడే నిలుస్తుంది. విడిగా అర ఉండాలి, ఆ అర అడుగున రంధ్రం బయటికి తెరుచుకోవాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

ప్రొపెల్లర్‌కి చుట్టుకున్న చెత్త తీసే మూత ఉంది కదా, అది తీశాక తిరిగి బిగించినట్టు ఇద్దరు చూడాలి. ఒకరు బిగించడం, ఇంకొకరు చేత్తో లాగి చూడటం. ఆ మూత సరిగ్గా కూర్చోకుండా ఇంజన్ వేసి ముంచుకున్న పడవలు ఉన్నాయి.

రేవుకాడ:

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ చేతులెత్తి నమస్కారం. ఆరు వారాలయింది, జరిగింది చెప్తాను.

టికెట్ ముక్కల డబ్బా పెట్టాం. నాలుగు వారాంతాలు. పడవ నడిచిన రోజుల్లో కెఫేలో అమ్మిన ప్రతి పది కప్పుల్లో నాలుగు పడవ దిగినవాళ్లవే. కట్టేద్దామన్నాయనే ఆ ముక్కలు లెక్కపెట్టారు, ఆయన్నే లెక్కపెట్టమన్నాను. రెండోసారి కూడా లెక్కపెట్టి ఏమీ మాట్లాడకుండా డబ్బా మూత పెట్టారు. తర్వాత ఆయనే అడిగారు, మూడేళ్ల ఖర్చుని 36తో భాగిస్తే ఎంతవుతుందని.

పొద్దుటిటీ గారూ, మీరు అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అడగలేదు. మూడేళ్లలో ఒక్కసారీ అడగలేదు. వెళ్లి అడిగితే మొదట ఎవరూ ఏమీ చెప్పలేదు. చివరికి ఒకావిడ అన్నారు: "చలికాలంలో మీరు నలుగురూ ఇంట్లో ఉంటారు. మేం పొద్దున్నే వచ్చి చలిలో తలుపు తీస్తాం. ఒక్కసారైనా తలుపు తీయడానికి వచ్చారా?" ఈ చలికాలం వారానికి మూడు రోజులు మేం తీస్తాం. రోస్టర్‌లో పేర్లు రాశాం.

సమావేశంలో నియమావళి సవరణ తొమ్మిదికి తొమ్మిది ఓట్లతో పాసైంది. పాతసరంగు గారి రెండు వాక్యాలూ పెట్టాం, సిబ్బందిలో ఒక్కరు వద్దన్నా ఆగాలన్నది కూడా. పడవ కట్టేసే విషయం ఏడాది పాటు పక్కన పెట్టాం, రిజర్వు వాటా నిండితే ఎత్తకూడదని, నిండకపోతే మళ్లీ చర్చించాలని. అది ఆరు, మూడు. ముగ్గురు ఒప్పుకోలేదు, వాళ్ల కారణాలు మినిట్స్‌లో రాశాం.

సవరణ పాసైన మొదటి వారమే మళ్లీ గాలి లేచింది. ఎనిమిది మంది టికెట్లు కొన్నారు. వద్దన్నాను. గొంతు వణికింది, కానీ అన్నాను. కౌంటర్‌లో ఉన్నాయన మాట మాట్లాడకుండా డబ్బు తిరిగిచ్చేసి, వాళ్లని లోపల కూర్చోబెట్టి టీ పోశారు. ఇద్దరు వెళ్లిపోయారు, ఆరుగురు మర్నాడు మళ్లీ వచ్చారు.

ఆ అమ్మాయిని పిలవలేదు. పోయిన గురువారం పడవ కట్టి ఉండగా తనే వచ్చి ఫ్లాస్కుకి బెల్టు ఎక్కడ బిగించాలో చూపించింది. తన భుజం ఎత్తుకంటే కింద, తలుపుకి ఎడంగా. మేం బిగించిన చోటు తప్పట, పోస్తుంటే మోచేయి తలుపుకి తగులుతుందట. విప్పి మళ్లీ బిగించాం. గంట కూడా తనే ఒకసారి కొట్టి చూసింది, ఇంజన్ శబ్దంలో వినబడదేమోనని. ఇంజన్ వేసి మళ్లీ కొట్టించాను. వినబడలేదు. పెద్ద గంట కొనాలి.

పాతసరంగు గారూ, ఒక్క ప్రశ్న మిగిలింది. లాకులో దిగేటప్పుడు వెనక భాగం గడప (పై గేటు కింద నీళ్లలో ముందుకి పొడుచుకొచ్చిన దిమ్మ) మీద పడకుండా గోడ మీద గీత ఉంది గానీ నాచు పట్టి కనబడట్లేదు. లోపలినుంచి కనబడేలా పడవ మీదే గుర్తు పెట్టుకోవచ్చా?

పాతసరంగు:

పెట్టుకోవచ్చు, కానీ పడవ మీద గుర్తు ఒక్కదాన్నే నమ్మకండి. లాకు ఖాళీగా ఉన్నప్పుడు గడప అంచు నుంచి ఒక మీటరు ముందుకి గోడ మీదున్న మెట్టో ఉంగరమో ఏదో ఒకటి చూసుకోండి. దిగుతున్నంతసేపూ మీ చుక్కాని దానికి ముందే ఉండాలి. గీత మీద నాచు బ్రష్‌తో తీయొచ్చేమో లాకు చూసే ఆఫీసుని అడగండి, అడక్కుండా రంగు వేయకండి. గేటు దగ్గర నీళ్లు వదిలే మనిషి కళ్లు మీ మీదే ఉండాలి, మీరు చెయ్యెత్తితే షట్టర్ మూసెయ్యాలి. గంట ఇత్తడిది తీసుకోండి.